చిటపటలాడని ఆవాలు

చిత్తూరు దాటి నాలుగు మైళ్ళు పోతే వంక పక్కన ఒక బంగళా ఉండేది. అందులో రోడ్లు వేయించే తెల్లదొర ఒకాయన కాపురం. ఆయన వేయించిన రోడ్డు మీద బండి తోలితే ఎద్దుల పళ్ళు రాలేవి గానీ, బంగళా ముందర పెంచుకున్న గడ్డి మాత్రం పట్టుతివాచీ. దాని మీద వాలబోయే కాకి ముందు గోడ మీద కూర్చుని కాళ్ళు తుడుచుకునేది. నేను కళ్ళారా చూశాను. దొర అసలు పేరు మా మాకులపల్లెలో ఎవరి నోటికీ పట్టలేదు. గడ్డిదొర అన్నాం. అది పొగడ్త అనుకుని ఆయన మమ్మల్ని చూసినప్పుడల్లా టోపీ ఎత్తేవాడు.

ఆ గడ్డిని సాకేది మా బావ చెంగల్రాయుడు, మా అక్క ఆనందమ్మ మొగుడు. తెల్లారింది మొదలు గొంతుక్కూర్చుని కలుపు పీకడం, కత్తెరతో అంచులు దిద్దడం ఆయన పని. సొంత గడ్డం మాత్రం నెలకోసారి గీయించుకునేవాడు.

అవి యుద్ధం రోజులు, నలభై నాలుగో సంవత్సరం. బియ్యం కార్డు మీద కొలిచి ఇస్తున్నారు. జానెడు నేల కూడా వదలకుండా తిండి పండించండని ఊరూరా తప్పెట కొట్టి చాటారు. మా బావ వంకకు ఇవతల తనకున్న అరెకరంలో గెనుసుగడ్డ, అదే చిలగడదుంప, నాటాడు. ఊళ్ళో మిగిలినవాళ్ళు ఎప్పటిలాగే చెనక్కాయ, అంటే వేరుశనగ, విత్తారు. దొర మాత్రం తన గడ్డి మీద ఎవరినీ పార వేయనివ్వలేదు. రెండు పూలకుండీల్లో ఎర్రముల్లంగి వేసి, యుద్ధానికి తన వంతు తాను చేశానన్నాడు.

శ్రావణంలో ముసురు పట్టింది. ముసురు వదిలి ఎండ కాసిన నాలుగో నాడు దొర గడ్డిలో చేటంత గుండ్రటి మచ్చ లేచింది. వారం తిరిగేసరికి బండిచక్రమంత అయింది. మధ్యలో గడ్డి పచ్చగానే ఉంది. అంచు వెంబడి మాత్రం ఎర్రగా ఎండిపోయి, మొదళ్ళలో దూదిపోగుల్లాంటి తెల్లబూజు పట్టింది. ఆ బూజు నిండా గోధుమరంగు గింజలు. అచ్చం ఆవాలే.

దొర బోర్లా పడుకుని భూతద్దం పెట్టి చూశాడు. అరగంట సేపు కదల్లేదు. ప్రాణం పోయిందేమోనని మా బావ వంగి ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టాడట. అప్పుడు లేచి కూర్చుని, తుమ్మినట్టుగా ఒక మాట అన్నాడు. అది ఆ తెగులు పేరని తెలియక మా బావ "చిరంజీవ" అన్నాడు.

"చెంగల్, ఇది బూజ్. గీకి తియ్. కాల్చు. మొత్తం కాల్చు," అన్నాడు దొర.

బావ గీకాడు. నాలుగు గంపల గడ్డి అయింది. కాల్చడానికి మాత్రం ఆయనకు చేతులు రాలేదు. బంగళా పక్కన పారేసిన చీపురుపుల్ల కూడా ఏదో ఒకదానికి పనికొస్తుందని ఇంటికి తెచ్చుకునే మనిషి. ఆ గడ్డినంతా మోసుకొచ్చి, తేమ ఆరకుండా ఉంటుందని గెనుసుగడ్డ బోదెల మధ్య పరిచాడు.

ఇరవై రోజులకు తీగలు వాడిపోయాయి. మా అక్క ఒక తీగ పట్టి లాగితే గడ్డ ఊడి వచ్చింది. పిసికితే పలచటి సంగటిలాగా వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది. దాని చుట్టూ బూజు, బూజు నిండా ఆవాలు.

నేను అప్పుడు అక్క పెట్టే సంగటి కోసం గెనిమ గట్టు మీద కూర్చుని ఉన్నాను.

"ఒరే గోవిందా, నా చేన్లో ఎవురురా ఆవాలు చల్లింది?" అంది అక్క.

మా వైపు దిష్టి తీయాలంటే ఆవాలు, ఉప్పు, ఎండుమిరపకాయలు కావాలి. అవే ఆవాలను మంత్రించి చల్లితే పచ్చటి చేను పాడైపోతుందని కూడా నమ్మకం. అక్క అడిగింది ఆ భయంతోనే. నేను జవాబు చెప్పింది మాత్రం ఇంకో సంగతి మనసులో పెట్టుకుని.

ఊళ్ళో కుప్పమ్మ అని ఒకావిడ ఉండేది. మొగుడు లేడు, పిల్లలు లేరు. ఆవాలు, జీలకర్ర, మెంతులు గంపలో పెట్టుకుని ఆరూళ్ళు తిరిగి అమ్మేది. ఆమె గంపలో మిరపకాయల కన్నా నోరు ఘాటు. నేను ఆ మధ్యే మీసం పెంచడం మొదలుపెట్టాను. రెండు రోజుల కిందట నలుగురి ముందర నన్ను ఆపి, "ఏమిరా గోవిందా, ముక్కు కింద ఎలక సచ్చి పడుండాదే, తీసి పారెయ్యకూడదా?" అంది. ఆ నలుగురూ ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

"ఇన్ని ఆవాలు ఇంకెవురింట్లో ఉంటాయక్కా?" అన్నాను. "మొన్న కుప్పమ్మత్త ఈ గెనిమ మీదనే ఏందో గొణుక్కుంటా పోయింది. నన్ను చూసి గబుక్కున కొంగు దులిపింది."

గొణగలేదు, దులపలేదు. అసలు ఆ దారినే రాలేదు. అక్క నవ్వి నెత్తిన ఒకటి మొట్టుతుందని అనుకున్నాను. అక్క నవ్వలేదు. గంప అక్కడే వదిలేసి ఊళ్ళోకి నడిచింది.

నేను సంగటి తిని చెయ్యి కడుక్కునే లోపల నా అబద్ధం ఊరంతా తిరిగి, బాగా బలిసి నా దగ్గరికే తిరిగొచ్చింది. అందులో ఇప్పుడు కుప్పమ్మ జుట్టు విరబోసుకుని ఉంది. చేను చుట్టూ వెనక్కి వెనక్కి మూడుసార్లు నడిచింది. చూసినవాళ్ళు కూడా ఇద్దరున్నారు. పుట్టించినవాణ్ణి నేనే అయినా వింటుంటే నాకే ఒళ్ళు జలదరించింది.

కొండకింద పల్లె నుంచి మంత్రగాడు ఎల్లప్ప వచ్చాడు. బొడ్డు దాకా గడ్డం. ఒక్క చూపుతో నాగుపామును కట్టేస్తానని చెప్పుకునేవాడు గానీ, మా కుక్కను కట్టేస్తే తప్ప మా ఇంటి వాకిలి తొక్కేవాడు కాదు. ఒక గింజను వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"ఏడు బావుల నీళ్ళలో నానబెట్టిన ఆవాలప్పా ఇవి," అన్నాడు. "ఒక్కటి వదలకుండా ఏరాల. సట్టిలో పోసి, ఉప్పూ మిరపకాయా కలిపి, చేను సుట్టూ మూడుసార్లు తిప్పి, మూడుదార్లు కలిసే కాడ పొయ్యాల. తొక్కినోళ్ళతోనే పీడ పోతాది."

అలాగే చేశారు. మా ఊరి మూడుదార్లలో ఒకటి మిట్టచేలకు, ఒకటి పల్లపు చేలకు, ఒకటి ఊళ్ళోకి పోతుంది. ప్రతి బండీ, ప్రతి కాడెద్దూ అక్కడ బురద తొక్కాల్సిందే. ఎల్లప్ప పోసిన ఆవాలు చక్రాలకూ గిట్టలకూ అంటుకుని ఇంటింటి చేనుకూ చేరాయి. పెళ్ళిపిలుపులు కూడా అంత తప్పకుండా చేరవు. పదిహేను రోజులకు మునసబు రెడ్డి చెనక్కాయ మొదలు కుళ్ళి వాలిపోయింది. ఎల్లప్ప వచ్చి దానికీ దిష్టి తీశాడు. తర్వాత ఇంకో చేను. దానికీ తీశాడు. భాద్రపదం గడిచేసరికి ఏడు చేలు పోయాయి. దిష్టికొక కోడిపుంజు ఆయన రివాజు. ఆ నెలలో ఊళ్ళో పుంజులన్నీ ఎల్లప్ప కడుపులోకి పోయి, తెల్లారిందని చెప్పే దిక్కు లేక మా ఊరు బారెడు పొద్దెక్కి లేచేది.

ఆదివారం చావడి దగ్గర మనుషులు కూడారు. మునసబు రెడ్డి కుప్పమ్మను పిలిపించాడు.

"శుక్రవారం లోపల ఊరు ఇడిసి పెట్టి పోవాల," అన్నాడు.

కుప్పమ్మ చేతిలో గంప అలాగే పట్టుకుని నిలబడింది. "రెడ్డీ, పెండ్లికూతురుగా ఈ ఊరికి వచ్చినా. మొగుణ్ణి ఈ మట్టిలోనే పెట్టినా. యాడికి పొమ్మంటావు? నాలుగు దినాలుగా ఏ ఊర్లోనూ నా గంప దించనియ్యల్యా. మీ మాట ఆరూళ్ళకూ పాకినాది. పదండి కాణిపాకం. మునిగి లేసి వినాయకుని ముందర ప్రమాణం చేస్తా."

మా జిల్లాలో అంతకు మించిన మాట లేదు. కాణిపాకం పదమంటే చాలు, సగం దొంగలు దారిలోనే బండి దిగి ఒప్పేసుకుంటారు. రెడ్డి మెత్తబడ్డాడు. ఎల్లప్ప గడ్డం నిమురుకున్నాడు.

"ఆవాలు మంత్రించే మనిషి దేవుని నోరు కూడా కట్టేస్తాది. ఈమె ప్రమాణం చెల్లదు రెడ్డీ."

"దేవుని నోరే కట్టేసే దాన్నయితే, నీ నోరు ఇంకా ఎట్ల ఆడతాండాదిరా ఎల్లప్పా?" అంది కుప్పమ్మ.

చావడి అంతా గొల్లుమంది. నవ్వినంత సేపు నవ్వి, నవ్వు తుడుచుకుని, శుక్రవారం శుక్రవారమే అన్నారు. కుప్పమ్మ గంప నెత్తికెత్తుకుంది. ఆ గంప నిండుగానే ఉంది. అది అమ్ముడుపోతేనే ఆమె పొయ్యి వెలిగేది. అది చూశాక నాకు కూర్చోబుద్ధి కాలేదు.

లేచి నిలబడ్డాను. "రెడ్డీ, ఆమె ఏమీ చేయలా. గొణిగిందని, కొంగు దులిపిందని నేనే అబద్ధం చెప్పినా. నా మీసాన్ని ఎగతాళి చేసిందని చెప్పినా."

చావడంతా నా మీసం వైపు తిరిగింది. తర్వాత ముందరి కన్నా పెద్దగా నవ్వారు. తప్పు వాళ్ళది కాదు. పోయిన ఏడు వంకకు వెల్లువ వచ్చినప్పుడు ఒక వాలుగచేప మీద ఎక్కి ఆరుకాడు పోయి, తమలపాకులు కొనుక్కుని వచ్చానని ఇదే చావడిలో ఒట్టు పెట్టుకున్నాను. ఆకులు కూడా పంచాను.

"గోవిందా, నిజం చెప్పే అలవాటు ఉన్నోడివైతే ఇంతకాలం యాడ దాచినావబ్బా?" అన్నాడు రెడ్డి.

మా బావ ఇంకో అడుగు ముందుకేశాడు. "అయ్యో, నా బామ్మర్దికి కూడా ఏందో పెట్టేసిందప్పా! సూడండి, ఆమె పక్క ఎట్ల మాట్లాడతాండాడో!"

ఎల్లప్ప నన్ను కూర్చోబెట్టి వేపమండతో వీపు మీద తొమ్మిది బాదాడు. అన్ని అబద్ధాలు చెప్పినా ఒక్క దెబ్బ తినలేదు నేను. జన్మకొక్క నిజం చెబితే తొమ్మిది.

బావ బంగళా నుంచి మోసుకొచ్చిన గడ్డిలోనూ ఇవే గింజలున్నాయని గుర్తొచ్చి, మరునాడు బంగళాకు పోయి దొరతో అంతా చెప్పాను. ఆయన తల పట్టుకున్నాడు. మా బావను పిలిచి ఇంగ్లీషులో ఏదో అన్నాడు. అది తెగులు పేరు కాదని మా బావకు కూడా తెలిసింది. ఆ బూజుకు ఏం చేయాలో దొర నాకు వివరంగా చెప్పి, భూతద్దం చేతికిచ్చాడు. "చూపించు. చూస్తే నమ్ముతారు," అన్నాడు.

చూపించాను. రెడ్డి ఒక గింజను అరచేతిలో పెట్టుకుని అద్దంలోంచి చూశాడు. ఆవగింజ కుంకుడుకాయంత కనబడింది.

"ఓరి నాయనో! సూస్తా ఉండంగానే పెరగతాండాదిరా!" అని గింజను విసిరేసి చావడి మెట్ల మీది నుంచి దూకాడు. పెరిగే మంత్రం అన్నిటికన్నా చెడ్డదని ఎల్లప్ప చెప్పాడు. శుక్రవారం గడువు గురువారానికి జరిగింది.

ఇక నాకు పోవడానికి ఒక్క గడపే మిగిలింది. కుప్పమ్మ ఇంట్లో సామాను మూట కడుతోంది. నేను కాళ్ళ మీద పడ్డాను.

"లెయ్‌రా, ఎలక మీసమోడా," అంది. "నీ అబద్ధాన్ని నమ్మినోళ్ళు నీ నిజాన్ని నమ్మరు. ఇంక నువ్వు నోరు తెరిస్తే నన్ను బుధవారమే పొమ్మంటారు. పోయి ఆ చేన్లో గింజలు పిడికెడు ఏరకరా."

"ఎందుకత్తా?"

"తిరగవాతకు." బూజుగింజలతో తాలింపేమిటో నాకు అర్థం కాలేదు.

ఏరుకొచ్చాను. ఆమె వాటిని కడిగి చేట మీద పోసి, మిట్టమధ్యాహ్నం ఎండలో పెట్టింది. "తడికి చిటపటమన్నాయంటే మళ్ళా నా నెత్తికే సుట్టుకుంటాది," అంది. తెలివంటే అదీ. నేనైతే పచ్చివే వేసేవాణ్ణి.

బుధవారం పొద్దు వాలేటప్పుడు చావడి ముందర మూడు రాళ్ళు పెట్టి పొయ్యి వెలిగించింది. ఇనుపబాండ్లిలో గరిటెడు నువ్వులనూనె పోసింది. కార్డు మీద బియ్యం తినే కాలంలో నూనె కాగే వాసన వస్తే చచ్చినవాడు కూడా లేచి వస్తాడు. ఊరంతా వచ్చింది. వంక అవతల చెనక్కాయ వేసిన ఇమాంసాహెబ్ కూడా వచ్చాడు.

"ఆడోళ్ళు ముందరికి రాండి," అంది కుప్పమ్మ. "మగోళ్ళు ఎనక్కి పోండి. తిరగవాత గురించి తినేది తప్ప మీకేం తెలుసు?"

చావడి దగ్గర ఆడవాళ్ళు ముందుకు రావడం నేను చూడటం అదే మొదటిసారి. రెడ్డి పెళ్ళాం కూడా వచ్చి బాండ్లి పక్కన గొంతుక్కూర్చుంది. రెడ్డి వెనక్కి జరిగాడు.

కుప్పమ్మ తన గంపలోంచి చిటికెడు ఆవాలు తీసి నూనెలో వేసింది. చిటపటమని లేచాయి. ఒకటి పోయి ఎల్లప్ప గడ్డంలో దూరింది. ఆయన గడ్డం దులుపుకుంటూ రెండడుగులు ఎగిరాడు.

"ఇవి నా ఆవాలు. మీ అందరి ఇండ్లల్లో ఉండేవి. ఇప్పుడు ఇవి సూడండి, మీ చేన్లలోవి."

చేట మీది గింజలు నూనెలో పడ్డాయి. అందరం చెవులు ముందుకు పెట్టాం. చప్పుడు లేదు. నూనెలో అటూ ఇటూ తిరిగాయి. నల్లబడ్డాయి. తడిసి మురిగిన గోనెసంచి కాలిన వాసన వచ్చింది. అంతే.

"మంత్రం ఆవాల నోరు కట్టేసింది," అన్నాడు ఎల్లప్ప.

రెడ్డి తల ఊపబోయాడు. ఇంతలో మా అక్క ఆనందమ్మ లేచింది. నా అబద్ధాన్ని ఊళ్ళోకి మోసుకుపోయింది ఆమే.

"పగలనిది ఆవగింజెట్లయితాదప్పా?" అంటూ చేట మీద మిగిలిన గింజ ఒకటి నోట్లో వేసుకుని కొరికింది. వెంటనే ఉమ్మింది. "ఘాటు ల్యా. లోపల తెల్లగా, బెండు మాదిరి ఉండాది. ఇది ఆవగింజే కాదు. కుళ్ళులో పుట్టిన బూజు ఉండ."

ఇంకొకామె కొరికి ఉమ్మింది. రెడ్డి పెళ్ళాం కొరికి ఉమ్మింది. ఆ పూట మా ఊరి ఆడవాళ్ళు ఉమ్మిన ఉమ్మికి వంకలో నీళ్ళు పెరిగాయి. ఉమ్మిందంతా ఎల్లప్ప కాళ్ళ దగ్గరే పడటం మాత్రం అనుకోకుండా జరిగిందని నేను చెప్పలేను.

"నా చేను ఏమీ కాలేదే," అన్నాడు ఇమాంసాహెబ్ వెనక నుంచి. "నేను దిష్టి తీయించలా. నా బండి ఆ మూడుదార్ల పక్క రాదు."

ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఏడు చేల పేర్లు ఒక్కొక్కటే పైకి చెప్పుకున్నారు. ఏడు బండ్లూ ఆ బురద తొక్కినవే.

"అయితే నా చేన్లో పీడను ఎత్తి అందరి చేన్లకూ పంచింది ఎవురు?" అంది అక్క, ఎల్లప్ప వైపు తిరిగి.

"మా పుంజులు మూడు పోయినాయి," అంది రెడ్డి పెళ్ళాం, మొగుడి వైపు తిరిగి.

రెడ్డి గొంతు సవరించుకున్నాడు. కుప్పమ్మ ఎక్కడికీ పోనక్కర లేదన్నాడు. ఎల్లప్పను కూడా ఏదో అడగాలనుకున్నాడు గానీ, ఆయన అప్పటికే చేలకడ్డంగా పడి పరుగెత్తుతున్నాడు. ఎవరో మా కుక్కను విప్పారు. ఎవరో కాదు, నేనే.

కుప్పమ్మ ఆ నవ్వుల్లో కలవలేదు. "ఈ ఊరైతే నాకు మిగిలింది. మిగతా ఊర్లల్లో నేనింకా మంత్రగత్తెనే గదా," అంది. మరునాడు పొద్దున్నే గంప తెచ్చి నా నెత్తిన పెట్టింది. బాండ్లి ఒక చేతికి, నూనెబుడ్డి ఇంకో చేతికి ఇచ్చింది.

"తిప్పింది నీ నాలికే. ఇప్పుడు కాళ్ళు తిప్పు. నడు," అంది.

ఊరూరా మూడు రాళ్ళు నేనే పేర్చాను. పొయ్యి నేనే ఊదాను. కుప్పమ్మ గురించి ఏ అబద్ధం చెప్పానో, ఎందుకు చెప్పానో మీసంతో సహా నేనే చెప్పాను. తర్వాత ఆమె ఆవాలు చిటపటలాడించేది, బూజు ఉండలు మాడ్చేది. ఆడవాళ్ళు కొరికి, ఉమ్మి, ఆవాలు కొనుక్కునేవాళ్ళు. నా మీసం చూడటానికే కొందరు పక్క ఊళ్ళ నుంచి వచ్చారు. మేం పోయే దారిలో బంగళా దగ్గర మా బావ చెమటలు కక్కుతూ గడ్డినంతా తవ్వి తగలబెడుతున్నాడు. దొర అక్కడ జొన్న చల్లించాడు. పంట చూసి మద్రాసు నుంచి ఎవరో పెద్దదొర మెచ్చుకుంటూ ఉత్తరం రాశాడట. గడ్డిదొర దాన్ని చదివి, మంచం మీద పడుకుని రెండు రోజులు లేవలేదు.

చివరి ఊరు వంకమిట్ట. అక్కడ తిరగవాత అయ్యాక ఒక ముసలాయన ముందుకొచ్చాడు. ఆయన గెనుసుగడ్డకు కూడా బూజు తగిలిందట.

"ఆవాలు కాకపోతే కాకపోనీ. ఈ కుళ్ళు పొయ్యేదెట్ల నాయనా?" అన్నాడు.

దొర చెప్పింది చెప్పాను. "తగిలిన తీగ వేర్లతో పీకి, ఆడికాడనే కాల్చాల. బయటికి మొయ్యకూడదు. ఆ చేన్లో తొక్కిన కాళ్ళూ గిట్టలూ కడగాల. మన్ను లోతుగా తిరగేసి దున్నాల. రెండేండ్లు గడ్డలూ చెనక్కాయా మాని జొన్న వెయ్యాల."

వాళ్ళు ఒకరినొకరు పొడుచుకుని నవ్వడం మొదలుపెట్టారు. అరగంట ముందు నా నోటితో నేనే అబద్ధాలకోరునని చెప్పుకుంటిని, మళ్ళీ ఎవరు నమ్ముతారు? కుప్పమ్మ బూడిదతో బాండ్లి తోముతోంది. తల ఎత్తలేదు.

"ఇది మాత్రం నిజమే చెప్తాండాడు," అంది. "నా మాట మీద నమ్మండి."

నవ్వు ఆగింది. ముసలాయన ఇంట్లోకి పోయి కొడవలి తెచ్చుకుని చేను దారి పట్టాడు. పొయ్యిలో మిగిలిన నిప్పులు ఒక చిప్పలోకి ఎత్తుకుని నేను ఆయన వెనకాల పోయాను.